మా ఊరి పట్టాల మీదుగా వచ్చిన తెల్లజెండా

నేనుండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీకీ డరమ్‌కీ నడుమనున్న మారిస్‌విల్‌లో. పుట్టి పెరిగింది ప్రకాశం జిల్లా పొగాకు నేల మీద. ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లు దాటింది. ఇప్పుడెవరైనా మీదే ఊరని అడిగితే ముందు ఈ ఊరి పేరే నోటికొస్తుంది.

శనివారం పొద్దున వేంకటేశ్వరస్వామి గుడికని చాపెల్ హిల్ రోడ్డు ఎక్కితే పక్కనే రైలు పట్టాలు తోడొస్తాయి. 2022లో పూర్తయిన 87 అడుగుల రాజగోపురం చూసుకుంటూ వెళ్తుంటాం గానీ, ఆ పట్టాల వంక చూసేవాళ్లు తక్కువ. అవి 1856 నాటికే పూర్తయిన లైను. గోల్డ్స్‌బరో నుంచి షార్లట్ దాకా 223 మైళ్లు. 1852లో జెరమయా మారిస్ అనే ఆసామి స్టేషన్ కోసం మూడెకరాల నేల ఇచ్చాడు. ఊరికి ఆయన పేరే నిలిచింది. ఈనాడు ఈ ఊళ్లో నూటికి నలభై మందికి పైగా ఆసియా మూలాలవాళ్లు. మాటకు ముందు తెలుగు వినబడే వీధులున్నాయి. చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ మ్యాచ్ ఉంటే జాతరే.

అమెరికా అంతర్యుద్ధపు ఆఖరి కాల్పులు కొన్ని మోగింది ఈ పట్టాల పక్కనే. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో రాష్ట్ర చరిత్ర ప్రాజెక్టు తెచ్చుకునేదాకా నాకూ ఆ సంగతి తెలియదు. దానికి సాయం చేయబోయి నేను ఈ చరిత్రలో దిగబడిపోయాను. బెంటన్‌విల్ పొలాలు, రాలీ కొండ, డరమ్ దగ్గరి బెన్నెట్ ఇల్లు, అన్నీ కాళ్లతో తిరిగి చూశాను. చూసింది, చదివింది, నాకనిపించింది మన వాళ్ల కోసం రాస్తున్నాను.

1865 ఏప్రిల్ 13 మధ్యాహ్నం. ఆ పొద్దునే రాలీ నగరం ఉత్తరాది సేన చేతికొచ్చింది. జడ్సన్ కిల్‌పాట్రిక్ నాయకత్వంలోని ఉత్తరాది గుర్రపు దళం పడమరగా తరుముకొస్తూ మా ఊరి స్టేషన్ దాకా వచ్చింది. స్టేషన్‌లో దక్షిణాది వాళ్ల రైలొకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కొన్ని పెట్టెల నిండా సరుకు, కొన్నిటి నిండా గాయపడ్డ సిపాయిలు. ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. అంత బరువుతో ఇంజను కదలదు. అప్పుడు సరుకు పెట్టెలను విడదీసి అక్కడే వదిలేసి, గాయపడ్డవాళ్లున్న పెట్టెలను మాత్రం లాక్కుపోయారు. మా ఊరి యుద్ధమంటే ఇంతే. పెద్ద చరిత్ర పుస్తకాల్లో దీనికి దక్కేది ఒక వాక్యం. కానీ తిండికీ గుడ్డకూ అల్లాడుతున్న సేన సరుకు వదులుకుని మనుషుల్ని తీసుకుపోయిన చోటు మా ఊరని తెలిశాక, ఆ పట్టాలు దాటే ప్రతిసారీ నాకు ఆ రైలే గుర్తొస్తుంది.

ఆ రెండు సేనల వెనక ఇద్దరు సేనాపతులున్నారు. ఉత్తరాది వైపు విలియం టెకుమ్సే షెర్మన్, దక్షిణాది వైపు జోసెఫ్ జాన్‌స్టన్. షెర్మన్‌కు అప్పుడు 45 ఏళ్లు, జాన్‌స్టన్‌కు 58. ఇద్దరూ వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివినవాళ్లే. జాన్‌స్టన్ 1829లో రాబర్ట్ లీతో కలిసి పట్టా పుచ్చుకున్నాడు, షెర్మన్ 1840లో. ఒకే సైన్యంలో ఏళ్ల తరబడి కొలువు చేసినా ఇద్దరూ ముఖాముఖి ఎన్నడూ కలవలేదు. అయితే ఒకరి ఎత్తుగడ ఒకరికి క్షుణ్ణంగా తెలుసు. 1864 వేసవిలో అట్లాంటా దారిలో రెండు నెలలకు పైగా ఎదురెదురుగా నిలిచినవాళ్లు మరి. షెర్మన్ పక్క నుంచి చుట్టుకొచ్చేవాడు, జాన్‌స్టన్ చిక్కకుండా వెనక్కి తగ్గేవాడు. ఊరు పోయినా ఫరవాలేదు, సైన్యం నిలిస్తే చాలన్నది జాన్‌స్టన్ లెక్క. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు ఆ లెక్క నచ్చలేదు. జూలై 17న జాన్‌స్టన్‌ను తీసేసి జాన్ బెల్ హుడ్‌ను పెట్టాడు. హుడ్ ఎదురుదాడులు చేసి సైన్యాన్ని పోగొట్టుకున్నాడు. సెప్టెంబరు 2న అట్లాంటా కూడా పోయింది.

ఆ తర్వాత షెర్మన్ చేసింది దక్షిణాది ఇళ్లలో ఈనాటికీ చెప్పుకుంటారు. నవంబరు 15న 60 వేల మందితో అట్లాంటా విడిచి, దారిలో రైలు పట్టాలు పీకి, ధాన్యం, పశువులు ఊడ్చుకుంటూ డిసెంబరు 21కి సముద్రపుటొడ్డున సవానా చేరాడు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి సౌత్ కరోలినా చిత్తడి నేలల్లోకి దిగాడు. చలికాలం వానలు, పొంగిన ఏళ్లు. అందులోంచి సేన రాలేదని అందరూ అనుకున్నారు. అతని సిపాయిలు నడుంలోతు నీళ్లలో దిగి, చెట్లు నరికి, దుంగలు వరసగా పరిచి బాట వేసుకుంటూ నడిచారు. జూలియస్ సీజర్ తర్వాత ఇలాంటి సేన పుట్టలేదని ఆ వార్త విన్న జాన్‌స్టన్ అన్నాడని చెబుతారు. ఫిబ్రవరి 17 రాత్రి కొలంబియా నగరం తగలబడింది. నిప్పు ఎవరు పెట్టారన్న తగవు అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. సవానా నుంచి గోల్డ్స్‌బరో దాకా 425 మైళ్లు, యాభై రోజులు.

ఈ ప్రవాహాన్ని ఆపడానికి ఎవరున్నారని చూస్తే, పక్కన పెట్టిన జాన్‌స్టనే మిగిలాడు. ఫిబ్రవరి చివర్లో దక్షిణాది సర్వసేనాని లీ అతణ్ని పిలిచి మళ్లీ సేనాధిపత్యం అప్పగించాడు. చేతికొచ్చిన సేనను చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. హుడ్ పోగొట్టగా మిగిలినవాళ్లు, తీరం వెంట కోటల నుంచి వచ్చినవాళ్లు, మీసాలు రాని కుర్రాళ్లు. అంతా కలిపి 20 వేల చిల్లర.

బెంటన్‌విల్ మా ఇంటికి గంట ప్రయాణం. పైన్ చెట్లు, చిలగడదుంప పొలాలు, తిన్నని రోడ్లు. అక్కడ 1865 మార్చి 19, ఆదివారం పొద్దున మొదలై మూడు రోజులు జరిగిన యుద్ధం నార్త్ కరోలినా నేల మీద జరిగినవాటిలో అతి పెద్దది. షెర్మన్ సేన రెండు పాయలుగా నడుస్తోంది. రెండు పాయలకూ నడుమ ఎడం పెరిగిందని తెలిసి, ఎడమ పాయ మీద ఒక్కసారిగా పడితే రెండోది వచ్చేలోపు దాన్ని చితక్కొట్టవచ్చని జాన్‌స్టన్ పన్నాగం. మధ్యాహ్నానికి దక్షిణాది వరసలు అడవిలోంచి లేచి వచ్చాయి. మొదటి దెబ్బకు ఉత్తరాది దళమొకటి చెల్లాచెదురైంది. పక్కనే ఇంకొక దళం చుట్టూ శత్రువులున్నా తాను తవ్వుకున్న మట్టికట్ట వెనక నుంచి కదల్లేదు. సాయంత్రం దాకా మళ్లీమళ్లీ దాడి చేసినా ఆ వరస తెగలేదు. మర్నాటికి షెర్మన్ రెండో పాయ వచ్చేసింది. మూడంతల సేన ఎదుట నిలిచాక జాన్‌స్టన్‌కు మిగిలింది ఒకటే, వెనకనున్న మిల్ క్రీక్ వంతెన చేజారకుండా చూసుకోవడం.

ఈ యుద్ధంలో నా మనసు ఎక్కువగా నిలిచేది ఒక కుర్రాడి దగ్గర. మూడో రోజు, మార్చి 21న, ఉత్తరాది దళమొకటి దాదాపు ఆ వంతెన దాకా చొచ్చుకొచ్చింది. దాన్ని తిప్పికొట్టడానికి దక్షిణాది సేనాని విలియం హార్డీ చేతికందిన గుర్రపు దళంతో తానే ముందు నడిచాడు. ఆ దళంలో అతని ఒక్కగానొక్క కొడుకు విల్లీ ఉన్నాడు, పదహారేళ్లవాడు. యుద్ధంలోకి పోతానని ఎన్నాళ్లుగానో పోరుపెడితే తండ్రి ఆ రోజే ఒప్పుకున్నాడు. దాడి గెలిచింది, వంతెన నిలిచింది. విల్లీకి మాత్రం ప్రాణాంతకమైన గాయం తగిలింది. కొద్ది రోజుల్లో హిల్స్‌బరోలో చనిపోతే, అక్కడి సెయింట్ మాథ్యూ చర్చి ఆవరణలో పూడ్చారు. ఎదురుగా ఉత్తరాది కుడి పాయను నడిపిస్తున్నది ఆలివర్ హోవర్డ్. యుద్ధానికి ముందు వెస్ట్ పాయింట్‌లో విల్లీకి పాఠాలు చెప్పినవాడు ఆయనే. అంతర్యుద్ధం అంటే ఏమిటో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

అక్కడే జాన్, ఏమీ హార్పర్ దంపతుల ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. రెండంతస్తుల చెక్క ఇల్లు. యుద్ధం నడుస్తుండగా ఉత్తరాది వైద్యులు కింది గదుల్లో ఆపరేషన్లు చేస్తుంటే, పిల్లాపాపలతో ఆ కుటుంబం పై అంతస్తులో తలదాచుకుంది. సేనలు వెళ్లిపోయాక నడవలేని దక్షిణాది క్షతగాత్రులు నలభై మందికి పైగా ఆ ఇంట్లోనే మిగిలిపోయారు. హార్పర్ దంపతులే వాళ్లకు సేవ చేశారు. కొందరు బతికారు, కొందరు పెరట్లోకి చేరారు. మూడు రోజుల్లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడినవాళ్లు, కనిపించకుండా పోయినవాళ్లు ఉత్తరాది వైపు 1,500 పైచిలుకు, దక్షిణాది వైపు 2,600 పైచిలుకు.

మార్చి 21న వెంట తరిమి ఉంటే జాన్‌స్టన్ కథ అక్కడే ముగిసేది. షెర్మన్ తరమలేదు, తన దళాన్ని వెనక్కి పిలిచాడు. అది తన పొరపాటేనని తర్వాత ఒప్పుకున్నాడు. నేను దాన్ని పొరపాటనలేను. నెల తిరిగేసరికి ముగిసిపోయిన యుద్ధంలో ఇంకో రెండు మూడు వేల మంది పిల్లలు ఆ వంతెన దగ్గర పడిపోకుండా ఆగారు.

గోల్డ్స్‌బరోలో షెర్మన్‌కు కొత్త దళాలు తోడై సేన 90 వేలకు చేరింది. జాన్‌స్టన్ లీకి తంతి కొట్టాడు: నా దగ్గరున్న కొద్దిపాటి బలంతో షెర్మన్‌ను ఆపలేను, చికాకు పెట్టడం తప్ప నేను చేయగలిగింది లేదని. ఏప్రిల్ 9న లీయే అపొమాటాక్స్‌లో ఉత్తరాది సర్వసేనాని గ్రాంట్‌కు లొంగిపోయాడు. ఆ వార్త మూడు రోజులకు షెర్మన్ శిబిరానికి చేరితే సిపాయిలు టోపీలు ఎగరేసి గంతులేశారు. యుద్ధం ఆ రోజుతో అయిపోయిందనుకుంటారు చాలామంది. వర్జీనియాలో అయిపోయింది, మా వైపు అవలేదు.

రాలీ తన్నులు తినకుండా లొంగింది. గవర్నర్ జెబులాన్ వాన్స్ పంపిన ఇద్దరు పెద్దమనుషులు, డేవిడ్ స్వెయిన్, విలియం గ్రాహమ్, రైల్లో షెర్మన్ దగ్గరకెళ్లి నగరాన్ని కాల్చొద్దని వేడుకున్నారు. మాటిచ్చాడు. 13వ తేదీ వానలో నగర మేయరు ఎదురెళ్లి అప్పగించాడు. వాల్ష్ అనే టెక్సస్ లెఫ్టినెంటు ఒక్కడు వెనక మిగిలి, వచ్చే దళం మీద తుపాకి పేల్చి పారిపోబోయి పట్టుబడ్డాడు. కిల్‌పాట్రిక్ అక్కడికక్కడే ఉరి తీయించాడు. ఆ తుపాకి చప్పుడుకు ఊరంతా తగలబడి ఉండేదని అప్పటివాళ్లు భయపడ్డారు. వాల్ష్ సమాధి ఓక్‌వుడ్ శ్మశానంలో ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు పూలు పెట్టిపోతుంటారు.

అదే సమయంలో ఇదే రైలు లైను మీద పడమర కొస వైపు, గ్రీన్స్‌బరోలో, రాజధాని పోగొట్టుకున్న జెఫర్సన్ డేవిస్ తన మంత్రులతో, సేనానులతో కూర్చున్నాడు. ఇంకా పోరాడవచ్చన్నది అతని మాట. జాన్‌స్టన్ మొహమాటం లేకుండా చెప్పాడు: మన జనం యుద్ధంతో అలసిపోయారు, సైనికులు రోజూ ఇళ్లకు పారిపోతున్నారు, ఇంకా సాగించడం మనుషుల్ని చంపుకోవడమే. చివరికి సంధి మాటలకు ఉత్తరం రాయడానికి డేవిస్ ఒప్పుకుని తానే చెప్పి రాయించాడు, జాన్‌స్టన్ సంతకం పెట్టాడు. ఆ ఉత్తరం తెల్లజెండా కింద రైలు దారి వెంట మా వైపుకొచ్చి, కిల్‌పాట్రిక్ చేతుల మీదుగా ఏప్రిల్ 14న రాలీలో షెర్మన్‌కు అందింది. మా ఊరి స్టేషన్‌లో కాల్పులు జరిగి అప్పటికి ఒక్క రోజే.

ఏప్రిల్ 17 పొద్దున ఎనిమిది గంటలకు షెర్మన్ రాలీలో రైలెక్కాడు. బయల్దేరబోతుండగా తంతి ఉద్యోగి పరుగున వచ్చి, సంకేత లిపిలో ముఖ్యమైన వార్త వస్తోంది, కాసేపు ఆగమన్నాడు. అరగంట ఆగితే చేతికొచ్చిన కాగితంలో అధ్యక్షుడు లింకన్‌ను చంపేశారని ఉంది. ఈ సంగతి నేను తిరిగొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని ఉద్యోగికి గట్టిగా చెప్పి, కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరాడు. ఆ రైలు మా ఊరి మీదుగానే పోయింది. నేను గుడికి పోయే దారి పక్కన, ఆ పట్టాల మీద, ఈ చుట్టుపక్కల ఇంకా ఎవరికీ తెలియని ఆ వార్త జేబులో పెట్టుకుని ఒక మనిషి కిటికీ పక్కన కూర్చుని వెళ్లాడు.

డరమ్ స్టేషన్‌లో దిగి గుర్రం ఎక్కాడు. ఎదురుగా హిల్స్‌బరో దారిలో జాన్‌స్టన్, అతని గుర్రపు దళాల సేనాని వేడ్ హాంప్టన్ వచ్చారు. దారి మధ్యలో ఇద్దరు సేనాపతులూ చేయి కలిపారు. ఏకాంతంగా మాట్లాడుకోవడానికి చోటు కావాలంటే, దారిలో చూసిన చిన్న ఇల్లొకటి ఉందని జాన్‌స్టన్ చెప్పాడు. అది జేమ్స్, నాన్సీ బెన్నెట్ అనే రైతు దంపతులది. 325 ఎకరాల ఆసామి అయినా సొంత రెక్కల కష్టం మీద బతికిన కుటుంబం. ఈ యుద్ధ కాలంలో ఇద్దరు కొడుకులనూ అల్లుణ్నీ పోగొట్టుకున్నారు. సేనాపతులు తలుపు తట్టగానే ఆ దంపతులు ఇల్లు వాళ్లకు వదిలి పెరట్లోని వంటింట్లోకి వెళ్లిపోయారు. పెద్దవాళ్ల మాటలు సాగినంతసేపూ, కొడుకులను పోగొట్టుకున్న ఆ తల్లి వంటింట్లోనే ఉంది.

తలుపు మూశాక షెర్మన్ జేబులోంచి తంతి తీసి ఇచ్చాడు. చదువుతుంటే జాన్‌స్టన్ నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టిందని షెర్మన్ తర్వాత రాసుకున్నాడు. ఇది ఈ కాలానికే మచ్చ, మా ప్రభుత్వానికి దీంతో సంబంధం ఉండదని జాన్‌స్టన్ అన్నాడు. శత్రువుల మధ్య నమ్మకమనేది పుట్టి ఉంటే ఆ క్షణంలోనే పుట్టి ఉంటుంది.

షెర్మన్ రాలీకి తిరిగి వెళ్లి ఆ సాయంత్రం వార్త బయటపెట్టాడు. ఆ రాత్రి రాలీకి దక్షిణాన కొండ మీద గుడారాలు వేసుకున్న సిపాయిలు పగతో రగిలి, నగరాన్ని కాల్చేస్తామని గుంపుగా కదిలారు. వాళ్ల సేనాని జాన్ లోగన్ గుర్రం మీద అడ్డు నిలిచాడు. మాటతో ఆగనివాళ్లను, వెనక్కి మళ్లకపోతే ఫిరంగులు పేలుస్తానని ఆపాడు. ఆ కొండ ఇప్పుడు డిక్స్ పార్కు. వేసవిలో పొద్దుతిరుగుడు పూల తోట వేస్తారు, మన వాళ్లు పిల్లలతో వెళ్లి ఫొటోలు తీసుకుంటారు. ఆ పూల మధ్య నిలబడితే ఎదురుగా రాలీ మేడలు కనిపిస్తాయి. అవి కనిపించే వైపుకే ఆ రాత్రి కాగడాలతో బయల్దేరారు.

మర్నాడు 18న బెన్నెట్ ఇంట్లో రెండో సమావేశం. దక్షిణాది యుద్ధ మంత్రి జాన్ బ్రెకిన్‌రిడ్జ్ కూడా వచ్చాడు. షెర్మన్ కాగితం ముందేసుకుని తానే షరతులు రాశాడు. దక్షిణాది సేనలన్నీ విడిపోయి తమ ఆయుధాలు తమ రాష్ట్ర రాజధానుల్లో అప్పగించాలి. ప్రమాణం చేస్తే అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలను గుర్తిస్తారు. జనానికి రాజకీయ హక్కులూ ఆస్తి హక్కులూ ఉంటాయి. యుద్ధం చేసినందుకు ఎవరినీ శిక్షించరు. అంతకు మూడు వారాల ముందే లింకన్‌ను కలిసిన షెర్మన్, ఆయన మెత్తని సంధినే కోరుకున్నాడని నమ్మాడు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఆ కాగితం వాషింగ్టన్ చేరగానే మంత్రివర్గం తిప్పికొట్టింది, తిప్పికొట్టడమే న్యాయం. సేనాపతికి రాజకీయ ఒప్పందం చేసే అధికారం లేదన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. అంతకంటే పెద్ద కారణం ఆ కాగితంలో లేని మాటలో ఉంది. బానిసత్వం అన్న పదమే అందులో లేదు. ఆస్తి హక్కులంటే ఏమిటి? మనుషులను ఆస్తిగా రాసుకున్న దేశంలో ఆ మాటకు అర్థం ఎవరు చెబుతారు? 1860 లెక్కల ప్రకారం నార్త్ కరోలినాలో 9,92,622 మంది జనంలో 3,31,059 మంది బానిసలు. ముగ్గురిలో ఒకరు. ఆ ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నవాళ్లలో వాళ్ల తరఫున ఒక్కరు లేరు. రాలీలో దిగిన ఉత్తరాది సేనలో నల్లజాతి సిపాయిల దళాలు ఉన్నాయి, తుపాకులు పట్టి విల్మింగ్టన్ వైపు నుంచి నడిచొచ్చినవాళ్లు. వాళ్లనూ ఎవరూ అడగలేదు.

గ్రాంట్ స్వయంగా 24న రాలీ వచ్చి, ఒప్పందం చెల్లలేదని చెప్పాడు. షెర్మన్‌ను పక్కకు నెట్టే అధికారం చేతిలో ఉన్నా వాడకుండా తెర వెనకే ఉండిపోయాడు. 48 గంటల్లో మళ్లీ యుద్ధమని జాన్‌స్టన్‌కు కబురు వెళ్లింది.

ఈ కథలో అసలైన ఘట్టం ఆ రెండు రోజుల్లోనే ఉందని నా నమ్మకం. కాల్బలాన్ని విడిచిపెట్టి, గుర్రపు దళంతో తప్పించుకుని వచ్చి పోరాటం సాగించమని పైనుంచి జాన్‌స్టన్‌కు ఆదేశం వచ్చింది. ఆ మాట వింటే ఏమవుతుంది? తుపాకులున్న వేలాది మంది ఆకలి సిపాయిలు పల్లెల మీద పడతారు. వాళ్లను వెతుక్కుంటూ 90 వేల మంది వస్తారు. కొండల్లో ఏళ్ల తరబడి గుంపుల పోరు సాగుతుంది. దశాబ్దాలుగా సైనికుడు, జీవితమంతా ఆజ్ఞలు పాటించినవాడు, ఆ ఒక్క ఆజ్ఞ పాటించలేదు. ఏప్రిల్ 26న మళ్లీ బెన్నెట్ ఇంటికొచ్చి, లీకి ఇచ్చిన షరతుల మీదే సంతకం పెట్టాడు. నార్త్, సౌత్ కరోలినాలు, జార్జియా, ఫ్లోరిడా, నాలుగు రాష్ట్రాల్లోని 89,270 మంది ఆ సంతకంతో ఆయుధాలు దించారు. అపొమాటాక్స్‌లో లొంగినవాళ్లకు ఇది మూడింతలు. యుద్ధం మొత్తంలో ఇంత పెద్ద లొంగుబాటు మరొకటి లేదు. బెంటన్‌విల్ పన్నాగం కంటే ఈ అవిధేయతే జాన్‌స్టన్‌ను పెద్ద సేనాపతిని చేసిందంటాను.

షెర్మన్ 25 వేల మందికి పది రోజుల తిండి పంపించాడు. ఇళ్లకు నడిచి వెళ్లే సిపాయిలు దారిలో ఊళ్లు దోచుకోకుండా అది కాపాడింది. ఒప్పందాన్ని తిప్పికొట్టిన తీరుకు, ముఖ్యంగా యుద్ధ మంత్రి స్టాంటన్ పత్రికల్లో తనను తిట్టించినందుకు, షెర్మన్ మనసు విరిగింది. మే 24న వాషింగ్టన్‌లో విజయ కవాతు రోజు స్టాంటన్ చాచిన చేయిని అందరి ముందూ అందుకోలేదు. జాన్‌స్టన్ మీద మాత్రం అతనికి చివరిదాకా కోపం రాలేదు. 1891 ఫిబ్రవరిలో షెర్మన్ చనిపోతే, 84 ఏళ్ల జాన్‌స్టన్ న్యూయార్క్ వచ్చి చలిలో టోపీ తీసి శవపేటిక పక్కన నిలబడ్డాడు. టోపీ పెట్టుకోండి, జబ్బు చేస్తుందని పక్కవాళ్లంటే, అతని చోట నేనుంటే అతనూ పెట్టుకునేవాడు కాదన్నాడట. నెల తిరిగేసరికి, మార్చి 21న, ఆయనా పోయాడు. అది విల్లీ హార్డీ నేలకొరిగిన తేదీ.

మా నాన్న మూడేళ్ల కిందట ఇక్కడికొచ్చినప్పుడు డరమ్‌లో డ్యూక్ హోమ్‌స్టెడ్‌కు తీసుకెళ్లాను. పాత పొగాకు రైతు ఇల్లు, ఇప్పుడు రాష్ట్ర స్మారకం. దుంగలతో కట్టిన ఆకు కాల్చే కొట్టం ముందు ఆయన ఆగిపోయారు. లోపలికి తొంగి చూసి, పై దాకా వరసలుగా ఉన్న అడ్డకర్రలు చూసి, “ఇదేందిరా, మన బ్యారనే గదా ఇది!” అన్నారు. కర్రలకు ఆకు అల్లి, బ్యారన్‌కెత్తి, రాత్రుళ్లు పొయ్యి దగ్గర కాపలా పడుకున్న మనిషి ఆయన. పోల్చుకోవడానికి ఆయనకు బోర్డు అక్కర్లేకపోయింది.

ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. పసుపు పచ్చగా కాల్చే పొగాకు పుట్టింది ఇక్కడికి దగ్గరలోని కాస్వెల్ కౌంటీలో. 1839లో ఆ పద్ధతి కనిపెట్టినవాడు స్టీఫెన్ అనే బానిస. 1865 ఏప్రిల్‌లో సంధి మాటలు నడుస్తున్నంత కాలం డరమ్ స్టేషన్ చుట్టూ రెండు సేనల సిపాయిలూ ఖాళీగా తిరిగారు. జాన్ గ్రీన్ అనే అతని పొగాకు కొట్టం ఖాళీ చేశారు. ఇళ్లకు చేరాక ఆ రుచి మరవలేక, ఇంకా పంపమని ఉత్తరాలు రాశారు. బుల్ డరమ్ అనే పేరు అలా దేశమంతా పాకింది. పట్టుబడి విడుదలైన వాషింగ్టన్ డ్యూక్ అనే రైతు 130 మైళ్లకు పైగా నడిచి ఇంటికొచ్చి, మిగిలిన కొద్దిపాటి పొగాకును సంచుల్లో కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. అతని కొడుకు జేమ్స్ డ్యూక్ 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు తొలి ఛైర్మన్. ఆ కంపెనీ పిల్లలే మన దేశంలో ఇంపీరియల్ టొబాకో, చీరాల, గుంటూరుల్లో మన పెద్దలు ఐఎల్‌టీడీ అని పిలిచిన సంస్థ. 1920ల్లో గుంటూరు సీమకు వర్జీనియా విత్తనం చేరింది, దాని వెంట బ్యారన్ కూడా చేరింది. మా తాత కట్టించిన బ్యారన్ మూలం, నేను ఇప్పుడు బతుకుతున్న ఊరి పక్కన ఒక బానిస చేతుల్లో ఉంది.

బెన్నెట్ ఇల్లు 1921లో కాలిపోయింది, పొగగొట్టం ఒక్కటే మిగిలింది. ఇప్పుడున్నది 1960ల్లో అదే కాలపు కట్టడంతో మళ్లీ కట్టినది. పక్కనే 1923 నాటి ఐక్యతా స్తంభం, ఉత్తరానికొకటి దక్షిణానికొకటి రెండు రాతి స్తంభాల మీద ఒక్క దూలం. దాని ముందు నిలబడితే నాకు పూర్తి తృప్తి ఉండదు. ఐక్యత సేనాపతుల మధ్య, తెల్లవాళ్ల మధ్య వచ్చింది. నల్లవాళ్లకు విముక్తి ఇక్కడి ఒప్పందంలో లేదు. ఏప్రిల్ 27న రాష్ట్రంలోని ఉత్తరాది సేనాని జాన్ స్కోఫీల్డ్ వేరే ఉత్తర్వు వేసి, బానిసత్వం ముగిసిందని ప్రకటించాడు. ఆ విముక్తికీ భద్రత దొరకలేదు. 1898 నవంబరులో ఇదే రాష్ట్రంలో, విల్మింగ్టన్‌లో, ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని ఆయుధాలతో కూలదోసి నల్లవాళ్లను చంపిన మూకకు ముందు నడిచినవాడు ఆల్‌ఫ్రెడ్ వాడెల్. దక్షిణాది గుర్రపు దళంలో పనిచేసిన మాజీ అధికారి.

అందుకే ఈ చుట్టుపక్కల ఉండే మన వాళ్లకు ఒక మనవి. పిల్లలను తీసుకుని బెన్నెట్ ఇంటికి వెళ్లండి. అక్కడితో ఆగి ఇంటికి రాకండి, ఇంకో అరగంట కారు నడిపి ఉత్తరంగా స్టాగ్‌విల్‌కు వెళ్లండి. అది ఒకప్పుడు 30 వేల ఎకరాల తోట, 900 మంది బానిసలుండేవాళ్లు. 1851లో వాళ్లు ఉండటానికి కట్టిన రెండంతస్తుల ఇళ్లు నాలుగు అక్కడ నిలిచి ఉన్నాయి, గదికొక కుటుంబం. వాటి పొగగొట్టాల ఇటుకలను పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకుని ఎండబెట్టిన వాళ్ల వేళ్ల గుర్తులు ఆ ఇటుకల మీద ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని చిన్నపిల్లల వేళ్లు.